పాత వీడియో గేమ్ క్యాసెట్‌ని మళ్లీ ఆడించడం ఎలా (ఊదకుండా)

చిన్నప్పటి ఆటలు మళ్లీ ఆడదామని కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది చేసే పని ఒకటుంది, నేనూ చేశాను: దొరికిన ఆటలన్నీ, వేలకు వేలు, ఒకే చోట పోగేసుకోవడం. పోగేశాక ఏమవుతుంది? ఒకటి తెరుస్తాం, రెండు నిమిషాలు చూసి "ఆ, ఇది గుర్తుంది" అనుకుంటాం, మూసేసి ఇంకోటి తెరుస్తాం. గంట గడిచేసరికి ముప్పై ఆటల టైటిల్ స్క్రీన్లు చూసి ఉంటాం, ఒక్కటీ ఆడి ఉండం. చిన్నప్పుడు అలా కాదుగా, ఉన్నవే రెండో మూడో క్యాసెట్లు, వాటినే బటన్లు అరిగేదాకా ఆడాం. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒకే ఒక్క ఆట కోసం. ఒకటి ఎంచుకోండి, దాన్ని సరిగ్గా నడిచేలా చేసుకోండి, చివరిదాకా ఆడండి. రెండోదాని సంగతి ఆ తర్వాత.

ముందు ఆ ఆట ఏదో తేల్చుకోండి

పేరు గుర్తుంటే ఈ భాగం వదిలేసి కిందికి వెళ్లిపోండి. గుర్తులేకపోతే మాత్రం గుర్తున్న పేరుతో వెతకడం మొదలుపెట్టకండి, ఎందుకంటే ఆ పేరు అబద్ధం అయ్యే అవకాశం ఎక్కువ. చాలామంది ఆడింది అసలు నింటెండో మీద కాదు, 1983లో నింటెండో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్ అనే మెషీన్‌కి నకళ్లుగా తయారైనవాటి మీద. వాటితోపాటు వచ్చే "9999 ఇన్ 1" క్యాసెట్లలో నిజంగా ఉండేవి కాసిన్ని ఆటలే, మిగతా నంబర్లన్నీ అవే ఆటలు, ఇంకో పేరుతో, ఇంకో లెవెల్ నుంచి మొదలయ్యేవి. కంపెనీ పేరు చెరిపేసేవాళ్లు, ఆట పేరు మార్చేసేవాళ్లు.

కాబట్టి పేరు కాకుండా ఆటలో మీరేం చేసేవాళ్లో గుర్తుచేసుకుని దాంతో వెతకండి. ఇటుక గోడల మధ్య ట్యాంకు నడుపుతూ కింద ఉన్న గద్ద బొమ్మని కాపాడుకునేది బ్యాటిల్ సిటీ, నామ్కో వాళ్లది, 1985. ట్యాంక్ 1990 అని మీకు గుర్తుంటే అది దీన్నే మార్చి చేసిన నకలు. మొలకి ఆకులు చుట్టుకుని రాతి గొడ్డళ్లు విసురుతూ పండ్లు ఏరుకుంటూ పరుగెత్తేవాడు అడ్వెంచర్ ఐలాండ్ హీరో. పైనుంచి కనిపించే కారు, ముందున్న కార్లకి తగిలితే జారిపోవడం, పెట్రోల్ అయిపోతుందేమోనని టెన్షన్, ఇది రోడ్ ఫైటర్. సింహం మీదెక్కి మంట వలయాల్లోంచి దూకేది సర్కస్ చార్లీ. సుత్తితో మంచుగడ్డలు పగలగొట్టుకుంటూ పైపైకి ఎక్కేది ఐస్ క్లైంబర్.

మొదటిసారికి ముగింపు ఉన్న ఆటనే తీసుకోమంటాను. సూపర్ మారియోలో 32 లెవెల్స్, కాంట్రాలో 8 స్టేజీలు, చివర్లో "అయిపోయింది" అని తెలుస్తుంది. బ్యాటిల్ సిటీ 35 స్టేజీలయ్యాక మళ్లీ మొదటికొస్తుంది, రోడ్ ఫైటర్‌దీ దాదాపు అదే కథ. టెట్రిస్ అయితే సరేసరి, ఆ పాత నింటెండో టెట్రిస్‌ని గేమే తట్టుకోలేక ఆగిపోయేదాకా మొదటిసారి ఆడింది 13 ఏళ్ల కుర్రాడు, 2023 డిసెంబరులో, 157వ లెవెల్‌లో. అంటే ఆట వచ్చిన 34 ఏళ్లకి. మీరు దాంతో మొదలుపెట్టకండి.

అసలు మెషీనా, ఫోనా?

అటక మీద పాత మెషీన్, క్యాసెట్ ఉంటే వాటినే బాగుచేసుకోండి, మిగతా వ్యాసం దాని గురించే. లేకపోతే కొనడానికి తొందరపడక్కర్లేదు. కంపెనీలే చిన్న సైజు మెషీన్లు తెచ్చాయి: 2016లో వచ్చిన నింటెండో క్లాసిక్ మినీలో 30 ఆటలు, 2019 నాటి సెగా మెగా డ్రైవ్ మినీలో 42, ఇవి నేరుగా హెచ్‌డీఎంఐలో పెట్టేయొచ్చు. నింటెండో స్విచ్ అనే మెషీన్ ఉన్నవాళ్లకి నింటెండో ఆన్‌లైన్ సభ్యత్వంలో పాత ఆటలు చాలానే వస్తాయి. ఇక ఎమ్యులేటర్, అంటే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో పాత మెషీన్‌లా నటించి ఆ ఆటల్ని నడిపించే సాఫ్ట్‌వేర్. ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌తో గొడవ లేదు, గొడవంతా ఆట ఫైలుతోనే, దాని కాపీరైట్ ఎవరిదో వాళ్లదే, "పాతదేగా" అంటే చెల్లదు. మీ దగ్గరున్న క్యాసెట్‌లోంచి ఫైలు తీసుకునే చిన్న పరికరాలు ఉన్నాయి, వాటిని డంపర్ అంటారు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతీస్తే అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు ఏ దారిలోనూ కొత్తగా కొనడానికి దొరకట్లేదు. జనం అడ్డదారులు ఎందుకు తొక్కుతున్నారో ఆ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

అడాప్టర్ పెట్టే ముందు ఒక్క నిమిషం

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇది. పిన్ను పట్టిందని ఏ అడాప్టర్ పడితే అది పెట్టేయకండి. అమెరికాలో అమ్మిన నింటెండో ఎన్ఈఎస్ (ఫ్యామికామ్‌కి అక్కడి రూపం) అడాప్టర్ 9 వోల్టుల ఏసీ కరెంట్ ఇస్తుంది, డీసీ కాదు. అది ఎన్ఈఎస్‌కి ఓకే, లోపల డీసీగా మార్చుకునే ఏర్పాటు ఉంది. అదే అడాప్టర్ తీసుకెళ్లి ఫ్యామికామ్‌కో మెగా డ్రైవ్‌కో పెడితే బోర్డు కాలిపోవచ్చు, ఎందుకంటే అవి డీసీ మెషీన్లు. డీసీలో ఇంకో తిరకాసు, పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది. మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కి మధ్యలో మైనస్, రెండో మోడల్‌కి మధ్యలో ప్లస్. ఒకే కంపెనీ, ఒకే పేరు, తిరగేసిన పోలారిటీ!

కాబట్టి మెషీన్ అడుగున ఉన్న స్టిక్కర్ చదవండి. దానిమీద వోల్టులు, ఏసీనా డీసీనా, ఒక చిన్న గుండ్రటి బొమ్మలో ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి. మూడూ అడాప్టర్ మీద ఉన్నవాటితో సరిపోవాలి. ఆంపియర్లు మాత్రం అడాప్టర్‌కి ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువ ఉండకూడదు. స్టిక్కర్ చెరిగిపోయి ఉంటే మోడల్ నంబర్‌తో వెతికి చూసుకోండి, ఊహించి పెట్టకండి. నేను ఒకసారి ఊహించి పెట్టాను. కాలిన వాసన ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు క్యాసెట్ (ఊదొద్దు, దయచేసి)

క్యాసెట్ అనే పిలిచేవాళ్లం, అసలు పేరు కార్ట్రిడ్జ్, లోపల టేపూ లేదు ఏమీ లేదు, ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, దాని అంచున వరసగా రాగి రంగు పట్టీలు. ఫ్యామికామ్ క్యాసెట్‌కి 60, ఎన్ఈఎస్‌కి 72. ఆ పట్టీల్లో ఒక్కటి సరిగ్గా ఆనకపోయినా తెర మీద చెత్త అక్షరాలు, చారలు, లేదా ఖాళీ తెర. "ఆట పోయింది" అనుకునే క్యాసెట్లలో ఎక్కువ భాగం పోయినవి కావు, మురికివి. అందుకే పారేసే ముందు కనీసం రెండుసార్లు శుభ్రం చేసి చూడమని గట్టిగా చెప్తున్నా.

మరి ఊదితే పనిచేసేది కదా అంటారా? పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. తీసి పెట్టిన ప్రతిసారీ పట్టీలు కొంచెం వేరే చోట ఆనుతాయి, రాసుకుని కొంచెం మురికి పోతుంది, మూడోసారికో నాలుగోసారికో ఆట మొదలవుతుంది, మనం ఆ పుణ్యమంతా ఊదడానికి కట్టబెట్టాం. నిజానికి ఊపిరిలో తడి ఉంటుంది, ఆ తడికి రాగి పట్టీలు ఏళ్ల తరబడి చిలుము పడతాయి. ఊదొద్దని నింటెండో వాళ్లే చెప్పారు, మనలో ఎవరు విన్నారు గనక.

చేయాల్సింది ఇది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి, 90 శాతం పైన ఉన్నది, 99 అయితే ఇంకా మంచిది. తక్కువ శాతం దాంట్లో మిగతాదంతా నీళ్లే, అది మనకొద్దు. ఇయర్‌బడ్‌ని అందులో ముంచి, కారకుండా పిండి, పట్టీల మీద అడ్డంగా కాకుండా పట్టీ వెంబడి పైకీ కిందికీ రుద్దండి. నల్లగా వస్తుంది. ఇంకో ఇయర్‌బడ్ తీసుకోండి, మళ్లీ రుద్దండి, తెల్లగా వచ్చేదాకా ఇదే పని, రెండు వైపులా. పొడి ఇయర్‌బడ్‌తో ఒకసారి తుడిచి పదిహేను నిమిషాలు ఆరనివ్వండి. మొండి చిలుము ఉంటే మెత్తటి పెన్సిల్ రబ్బరుతో మెల్లిగా రుద్దొచ్చు, కానీ అది చివరి ప్రయత్నం, గట్టిగా రుద్దితే పైపూత లేచిపోతుంది. గరుకు కాగితం మాట ఎత్తకండి.

పైనుంచి రుద్దితే సరిపోకపోతే విప్పాలి. నింటెండో క్యాసెట్లకి మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు, గేమ్ బిట్ అనే ప్రత్యేకమైన బిట్ కావాలి, క్యాసెట్లకి 3.8 మిల్లీమీటర్లది, సూపర్ నింటెండో, ఎన్64 లాంటి మెషీన్లకి 4.5ది. పెన్ను కొన కరిగించి తిప్పే చిట్కాలు వీడియోల్లో కనిపిస్తాయి, వాటితో స్క్రూ తల అరగ్గొట్టుకున్నవాళ్లు చాలామంది. నకలు క్యాసెట్లకి చాలావాటికి స్క్రూలే ఉండవు, రెండు ప్లాస్టిక్ ముక్కలు నొక్కి అతికించినవి, సందులో పలచటి ప్లాస్టిక్ పుల్ల పెట్టి నెమ్మదిగా ఒక మూల నుంచి లేపండి.

క్యాసెట్ మెరిసిపోతున్నా ఆట రాకపోతే మురికి మెషీన్ లోపలి స్లాట్‌లో ఉంది. శుభ్రం చేసిన క్యాసెట్‌నే ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి, మెషీన్ ఆపేసి ప్లగ్ తీసేసి, ఓ పదిసార్లు పెట్టి తీయండి, ప్రతిసారీ పట్టీలు తుడుస్తూ. పూర్తిగా ఆరాకే ఆన్ చేయాలి. అమెరికా ఎన్ఈఎస్ ఉన్నవాళ్లకి ఇంకో రోగం తెలిసే ఉంటుంది, ఎర్ర లైటు సెకనుకోసారి వెలిగి ఆరుతూ ఉండటం. లోపల క్యాసెట్ అసలుదో కాదో చూసే ఒక చిప్ ఉంది, పట్టీలు సరిగ్గా ఆనక అది క్యాసెట్‌తో మాట్లాడలేకపోతే మెషీన్‌ని పదేపదే రీసెట్ చేస్తుంది, ఆ మిణుకులు అవే. మెషీన్ చచ్చిపోలేదు. శుభ్రం చేసినా తగ్గకపోతే 72 పిన్నుల కనెక్టర్ మార్చుకోవాలి, సోల్డరింగ్ లేకుండా లాగి పెట్టేసేదే.

పసుపెక్కిన ప్లాస్టిక్ గురించి చాలామంది బెంగపడతారు. వదిలేయండి. ఆటకి దాంతో ఏం సంబంధం లేదు.

టీవీ దగ్గర తిప్పలు

పాత డబ్బా టీవీ ఉంటే అదృష్టవంతులు, దాన్నే వాడండి, కానీ పాడైతే వెనక మూత మాత్రం మీరు విప్పకండి, లోపల వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు.

కొత్త టీవీ అయితే వెనకాల పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు ఉన్నాయేమో ముందు చూడండి. ఉంటే ఏవీ (AV) కేబుల్ నేరుగా పెట్టేయొచ్చు. లేకపోతే కన్వర్టర్ కావాలి, ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. పాత మెషీన్లు పంపేది 240 గీతల బొమ్మ. చాలా కొత్త టీవీలు, చౌక కన్వర్టర్లు దాన్ని 480 గీతల పాత టీవీ ప్రసారం అనుకుని ఏదేదో కలిపేస్తాయి, బొమ్మ అలుక్కుపోతుంది, ఆలస్యంగా వస్తుంది. రెట్రోటింక్, ఓఎస్ఎస్‌సీ లాంటి కన్వర్టర్లు ఈ పని కోసమే తయారైనవి, బొమ్మని ఉన్నదున్నట్టు పెద్దది చేస్తాయి. ఖరీదైనవే, అందుకే ఒక ఆట చివరిదాకా ఆడి, ఇంకా ఆడాలనిపిస్తేనే కొనండి.

ఖర్చు లేకుండా చేయాల్సినవి రెండు. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి, బొమ్మకి మెరుగులు దిద్దే ఆప్షన్లన్నీ ఆపేయండి. మీరు బటన్ నొక్కిన కాసేపటికి మారియో ఎగురుతున్నాడంటే తప్పు మీ వయసుది కాదు, టీవీది. రెండోది, తెర ఆకారం 4:3కి మార్చండి, లేకపోతే మారియో అడ్డంగా బలిసి కనిపిస్తాడు.

ఒకేసారి చాలామంది శత్రువులు వచ్చినప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమంటే కంగారు పడకండి. ఎన్ఈఎస్ ఒక అడ్డగీత మీద 8 కదిలే ముక్కలకి మించి చూపించలేదు, అందుకని వంతులవారీగా చూపిస్తుంది, అది అప్పుడూ అంతే. అలాగే ఆట, పాట చిన్నప్పటికంటే వేగంగానో నెమ్మదిగానో అనిపిస్తే అది కూడా జ్ఞాపకం తప్పు కాకపోవచ్చు: పాల్ (ఇండియా, యూరప్‌ల టీవీ పద్ధతి) మెషీన్లు సెకనుకి 50 సార్లు, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల పద్ధతి) మెషీన్లు 60 సార్లు బొమ్మ గీస్తాయి, మార్పులు చేయని ఆట పాల్ మెషీన్ మీద దాదాపు 17 శాతం నెమ్మదిగా నడుస్తుంది. ఎమ్యులేటర్‌లో అయితే రెండూ మార్చి చూసి మీ చెవికి ఏది అలవాటో అది పెట్టుకోండి.

బాతుల్ని కాల్చే డక్ హంట్ కోసం తుపాకీ దాచుకున్నవాళ్లకి చేదు వార్త. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణం పాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల డబ్బా వస్తుంది, తుపాకీ మూతి దగ్గరున్న సెన్సర్ ఆ వెలుగు చూస్తుంది. ఇదంతా డబ్బా టీవీ వేగానికి లెక్కగట్టి చేసింది. ఎల్‌సీడీ టీవీ బొమ్మని ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి ఎంత గురి చూసి కొట్టినా తగలదు. గురి తప్పినప్పుడల్లా తెర మీదికొచ్చే ఆ కుక్క నవ్వు మాత్రం తప్పదు.

సేవ్ అయ్యే ఆట అయితే

జెల్డా, సూపర్ మారియో వరల్డ్, పోకెమాన్ లాంటివాటి క్యాసెట్ లోపల బటన్ సెల్ ఉంటుంది, మీరు ఆపిన చోటు గుర్తుండేది దానివల్లే. చాలావాటిలో సీఆర్2032, గేమ్ బాయ్ క్యాసెట్లలో ఇంకా చిన్నవి కూడా ఉంటాయి. ముప్పై ఏళ్లయ్యాక అవి అయిపోవడం మామూలే. ఆట నడుస్తుంది, సేవ్ మాత్రం నిలవదు. పాత సేవ్ ఇంకా బతికే ఉంటే, సెల్ తీసే ముందు డంపర్‌తో దాన్ని బయటికి తీసుకోండి, ఎందుకంటే సెల్ తీసిన మరుక్షణం అది పోతుంది. కొత్తది కొనేటప్పుడు కాళ్లు అతికించి ఉన్నదే కొనండి, మామూలు సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెడితే అది పగలొచ్చు. సోల్డరింగ్ ఎప్పుడూ చేయనివాళ్లు ఇష్టమైన క్యాసెట్ మీద నేర్చుకోవద్దు, ఏదైనా పాడైన రేడియో బోర్డు మీద ఓ రోజు చేయి తిప్పుకోండి. ఇంకోటి, 1987లో అమెరికాలో వచ్చిన జెల్డాలో రీసెట్ బటన్ నొక్కి పట్టుకునే పవర్ ఆపాలి, ఇది మర్చిపోయి సేవ్ పోగొట్టుకుని క్యాసెట్‌ని తిట్టకండి.

సీడీ మెషీన్ల గురించి క్లుప్తంగా: డిస్క్‌ని గుండ్రంగా తుడవొద్దు, మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవండి. పాత ప్లేస్టేషన్‌ని తలకిందులుగా పెడితేనే ఆడుతోందంటే లోపల లెన్స్ జారే పట్టా అరిగిందని అర్థం, కొన్నాళ్లు అలాగే లాగించొచ్చు.

ఇక ఆడండి

మొదటి రోజు ఘోరంగా ఓడిపోతారు. ఆ ఆటలు చిన్నవి, సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లే, ఇప్పుడు ఫోన్లో తీసే ఒక్క ఫోటో దానికి ఎన్నో రెట్లు. అంత చిన్న ఆట త్వరగా అయిపోకూడదంటే కష్టంగా ఉండాల్సిందే. కాబట్టి సిగ్గుపడకుండా చిట్కాలు వాడండి. ఎమ్యులేటర్‌లో అడుగడుక్కీ సేవ్ చేసుకోవడం మాత్రం నాకు నచ్చదు, భయం పోతే ఆ ఆటలో మిగిలేదేం లేదు, ప్రతి లెవెల్ మొదట్లో ఒకసారి అన్న నియమం పెట్టుకుంటే బాగుంటుంది.

కాంట్రా అయితే టైటిల్ స్క్రీన్ దగ్గర పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ, తర్వాత స్టార్ట్, ఇద్దరైతే స్టార్ట్ కంటే ముందు సెలెక్ట్. 30 ప్రాణాలొస్తాయి. ఈ కోడ్ మొదట పెట్టింది ఆటల కంపెనీ కొనామీలో పనిచేసిన కజుహిసా హషిమోటో, 1986లో గ్రేడియస్ అనే ఆటని ఎన్ఈఎస్‌కి మారుస్తూ, పరీక్షించడానికి ఆడితే తనకే కష్టంగా ఉందని పెట్టుకున్నాడు. ఆట తయారుచేసినవాడికే కష్టమైంది, మనకేం నామోషీ?

సూపర్ మారియో అయితే అన్ని ప్రాణాలూ పోయి గేమ్ ఓవర్ అయ్యాక టైటిల్ స్క్రీన్‌లో 'ఏ' (A) బటన్ నొక్కి పట్టుకుని స్టార్ట్ కొట్టండి, ఓడిపోయిన వరల్డ్ మొదటి లెవెల్ నుంచి మొదలవుతుంది. ఇది చిన్నప్పుడు తెలియక ప్రతిసారీ 1-1 (మొదటి వరల్డ్, మొదటి లెవెల్) నుంచి ఆడినవాళ్లలో నేనొకణ్ని. దగ్గరి దారి కావాలంటే 1-2 చివర్లో పై కప్పు మీదికెక్కి నడుచుకుంటూ వెళ్తే మూడు గొట్టాలుంటాయి, 4వ వరల్డ్‌ది ఎంచుకోండి. 4-2లో కనిపించని ఇటుకలు బయటపెట్టి ఎక్కితే పైనున్న ఇటుకలోంచి తీగ మొలుస్తుంది, అది ఎక్కితే 8వ వరల్డ్‌కి గొట్టం. అలా 32లో 8 లెవెల్స్ ఆడితే చాలు. 8-4లో తప్పు గొట్టం దిగితే తిరిగి వచ్చిన చోటికే వస్తారు, ఒక కాగితం మీద ఏ గొట్టం ఎక్కడికి తీసుకెళ్తోందో గీసుకుంటూ ఆడండి.

రాకుమారి దొరికాక పవర్ ఆపేయకండి. బీ నొక్కమని తెర మీద వస్తుంది, నొక్కితే ఏ వరల్డ్ నుంచైనా మళ్లీ మొదలుపెట్టొచ్చు, కాకపోతే ఈసారి పుట్టగొడుగుల్లా నడిచొచ్చే ఆ గూంబాల చోట నల్ల డిప్పల బీటిల్స్ వస్తాయి, వాటిమీద నిప్పు పనిచేయదు. 1-1లో ఎదురయ్యే మొట్టమొదటి శత్రువు దగ్గరే తేడా కనిపిస్తుంది.